తీసింది చూపించాలి, పెట్టింది చెప్పాలి

మా మావయ్యను వీధిలో అందరూ నిదానం అంటారు. సొంత పేరుతో పిలిస్తే ఆయనే ఒక్క క్షణం ఆగి, పిలిచింది తననేనా అని అటూ ఇటూ చూస్తాడు. షెడ్డులోకి ఎవరు హడావుడిగా వచ్చినా ఆయన నోటి నుంచి మొదట వచ్చే మాట అదే.

"నిదానం. నడిచే బండైతే మీరు ఇక్కడికి వచ్చేవాళ్ళే కాదు. కూర్చోండి."

ఆయన పాత కార్ల మెకానిక్. కంప్యూటర్ తగిలిస్తే తప్ప జబ్బు తెలియని కొత్త బళ్ళు ఆయన దగ్గరికి రావు. కార్బురేటర్ ఉన్న బండి, తాళంచెవి తిప్పితే కాసేపు దగ్గి లేచే బండి, ఊళ్ళో ఏ మూల ఉన్నా చివరికి ఆ రేకుల షెడ్డుకే చేరుతుంది. షెడ్డు మధ్యలో ఇనుప దూలానికి చైను కప్పీ వేలాడుతుంటుంది. వెలుతురు బాగా పడే మూలలో అత్తయ్య కుట్టుమిషను. అది రవికలు కుట్టే మిషను కాదు. మందపాటి రెక్సిన్‌నూ కార్పెట్‌నూ కూడా కరకరా తినేసే రకం. సీట్ల కవర్లు, కింద పరిచే మ్యాట్లు అత్తయ్య పని. ఇద్దరూ చెరో మూల పని చేసుకుంటూ, మధ్యలో ఉన్న బండి మీదుగా మాట్లాడుకుంటారు. వాళ్ళ కాపురమంతా అలాగే నడిచింది.

ఆ షెడ్డుకొక పద్ధతి ఉంది. మా తాతయ్య పెట్టిన పద్ధతి. బండి బాగయ్యాక తాళాలు ఊరికే చేతిలో పెట్టరు. బండి మనిషిని పక్కన నిలబెట్టి, తీసిన సామానంతా ఒక రేకు పళ్ళెంలో పోసి చూపిస్తారు. తర్వాత బానెట్ ఎత్తి, కొత్తగా ఏమేం పెట్టారో ఒక్కొక్కటే వేలు పెట్టి చెబుతారు. తీసింది చూపించాలి, పెట్టింది చెప్పాలి. పెద్ద సామానుకే కాదు, ఒక వాషర్ మార్చినా అంతే. అరిగిన ఆ వాషర్‌ని గోరు మీద పెట్టి మరీ చూపిస్తాడు మావయ్య. తొందరలో ఉన్నవాళ్ళు వాచీ చూసుకుంటూ కాలు మార్చి కాలు మీద నిలబడతారు.

"మా బావ దగ్గర బండి బాగవడానికి ఒక పూట, విడిపించుకోవడానికి ఒక పూట" అంటాడు పక్క షెడ్డు డెంటింగ్ మేస్త్రి. సొట్టలు తీయడం ఆయన పని, మాటలు విసరడం ఆయన సరదా. మావయ్యకు ఏ రకంగానూ చుట్టం కాడు. అయినా బావే.

అన్నీ చెప్పడం అయ్యాక మావయ్య బండి మనిషిని నడపమని, తను పక్క సీట్లో కూర్చుంటాడు. వీధి చివరి దాకా వెళ్ళి వచ్చేవరకు కళ్ళు మూసుకునే ఉంటాడు. కళ్ళు తెరిస్తే చెవులు బద్ధకిస్తాయట.

ఇదంతా వింటే ఎంత నెమ్మదస్తుడో అనిపిస్తుంది. నిజానికి నేనెరిగిన మనుషుల్లో మావయ్య అంత భయస్తుడు లేడు. ఆ భయం ఎక్కడిదో ఆయనే ఒకసారి చెప్పాడు. మా చంటివాణ్ణి ఎత్తుకుని ఒక కారు ముందు సీట్లో ఎక్కబోతుంటే, ఆయన వచ్చి వాణ్ణి నా చేతిలోంచి తీసుకుని వెనక సీట్లో పడుకోబెట్టాడు.

"ముందు వద్దమ్మా" అన్నాడు. "దెబ్బ తగిలితే మనుషుల్ని ఆసుపత్రికి తీసుకెళ్తారు. బళ్ళని నా దగ్గరికి తీసుకొస్తారు. ఆసుపత్రిలో వాళ్ళకైనా అప్పుడప్పుడూ మనిషి లేచి నడిచి వెళ్ళడం కనిపిస్తుంది. నాకు బండి ఒక్కటే కనిపిస్తుంది."

అద్దం మీద సాలెగూడులా చిట్లిన చోటు ఎవరి నుదురో, వంగిన స్టీరింగ్ ఎవరి ఛాతీయో ఆయన చూడగానే చెప్పగలడు. చెప్పడు. అలాంటి బండి వచ్చిన రోజు దాని మీద టార్పాలిన్ కప్పేస్తాడు. అన్నంలో చేయి పెట్టి తీసేస్తాడు. అత్తయ్య అడగదు. ఒక్కతే కూతురు ఇంటికి వచ్చి చెప్పులు విప్పిన చప్పుడు వినిపించాక మళ్ళీ కంచం ముందు కూర్చుంటాడు.

ఆ కూతురి ముద్దుపేరు పిడుగు. పెట్టింది డెంటింగ్ మేస్త్రి. నడక రాకముందే జాకీ హ్యాండిల్ ఈడ్చుకుంటూ తిరిగేదట. ఇప్పుడు కొండ మీది మంచినీళ్ళ కేంద్రంలో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం. ఊరికి నీళ్ళు వదలకముందే పరీక్ష అయిపోవాలి. పొద్దున్నే వెళ్ళాలి, ఆ వేళకు కొండ మీదికి బస్సు లేదు. అందుకని తాతయ్య కారు బయటికి తీసింది.

ఆ కారును మేం ముసలమ్మ అంటాం. గుండ్రటి వీపు, గుండ్రటి దీపాలు, తలుపు వేస్తే బీరువా వేసినంత చప్పుడు. పిడుగు డ్రైవింగ్ నేర్చుకుంది అందులోనే. ఊళ్ళో తిరిగినంతసేపూ ముసలమ్మ బాగానే ఉండేది. కొండ ఎక్కేటప్పుడు మాత్రం సగం దారిలో ఉడికిపోయేది. రోజూ ఒకే మలుపు దగ్గర బానెట్ ఎత్తి, ఆవిరి తగ్గేదాకా నిలబడి, నీళ్ళు పోసుకుని మళ్ళీ బయల్దేరేది పిడుగు. తాతయ్య నాటి ఇంజిన్ ఎన్నిసార్లు విప్పి కట్టినా ఇంకేమీ మిగలలేదని మావయ్యకూ తెలుసు.

"నాన్నా, ఇంజిన్ మార్చేద్దాం" అంది పిడుగు ఒక ఆదివారం.

మావయ్య రెంచి తుడుచుకుంటూనే ఉన్నాడు. "చూద్దాం."

"నీ చూద్దాంకి మీసాలు మొలిచాయి నాన్నా. నేనడిగి ఎన్నాళ్ళయింది."

"ఇంజిన్ మార్చడమంటే చొక్కా మార్చడం కాదు. లాగే శక్తి పెంచితే ఆపే శక్తి పెంచాలి. ఆ బ్రేకులు తాతయ్య నాటివి."

"బ్రేకులు కూడా మార్చు. నేను వద్దన్నానా?"

"అయినా ఇప్పుడు నడుస్తోందిగా. నిదానంగా."

"నడవట్లేదు నాన్నా, మలుపు దగ్గర రోజూ నిలబడుతోంది. వెనక లారీలొస్తుంటే బానెట్ ఎత్తుకుని రోడ్డు పక్కన నిలబడటం నీకు క్షేమంగా కనిపిస్తోందా?"

ఆ మాట పనిచేసింది. ఎందుకంటే అది నిజం. మావయ్య రెండు మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత పాత సామాను దుకాణంలో ఒక ఇంజిన్ చూసొచ్చాడు. ముసలమ్మ కంటే ఒక తరం తర్వాత కారుది. ఆ కారును వెనకనుంచి ఏదో బరువైన బండి గుద్దింది. వెనక భాగం చుట్టచుట్టుకుపోయింది, ముందు భాగం చెక్కుచెదరలేదు. ఇంజిన్ మంచిది, గేర్‌బాక్స్ మంచిది, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు. మావయ్య అన్నీ తిప్పి చూసుకున్నాడు. వెనక సీట్లో ఎవరున్నారని దుకాణం అతన్ని అడగలేదు. అత్తయ్యతో ఆ సంగతి చెబుతూ, "అడగలేదు" అని రెండుసార్లు అన్నాడు.

పని మొదలైంది. అందరం ముందు ఇంజిన్ దించుతాడనుకున్నాం. ఆయన ముందు సీట్లు ఊడదీశాడు. తలుపుల మధ్య స్తంభానికి, నేలకు మందపాటి పట్టీలు వెల్డింగ్ చేసి, ముసలమ్మకు పుట్టి బుద్ధెరిగి లేని సీటు బెల్టులు పెట్టాడు. దెబ్బతిన్న కారులో బెల్టులున్నాయి కానీ వాటిని ముట్టుకోలేదు. ఒకసారి మనిషి బరువును ఆపిన బెల్టు సాగిపోతుంది, రెండోసారి ఆపుతుందని నమ్మకం లేదు. తర్వాత బ్రేకులు. అన్నిటికీ ఆఖరున, ఆపడానికి కావలసినవన్నీ అమరాక, లాగేదాని వంతు వచ్చింది.

పాత ఇంజిన్‌కు గొలుసులు తగిలించి కప్పీతో పైకి లాగుతుంటే వీధి వీధంతా వచ్చి నిలబడింది.

"ముసలమ్మకు పడుచు గుండె పెడుతున్నావు బావా" అన్నాడు మేస్త్రి. "రేపు ఎవడితోనైనా లేచిపోతే నన్నడక్కు."

"నువ్వు సొట్టలు తీసిన బండే కదా మేస్త్రీ, ఎవడూ తీసుకుపోడు" అంది పిడుగు కారు కిందనుంచి.

డ్యూటీ అయ్యాక రోజూ ఆమె కూడా వచ్చి పని చేసేది. కొత్త ఇంజిన్ పాత చోట కూర్చోలేదు. దాన్ని బిగించే కాళ్ళు వేరే చోట ఉన్నాయి. అట్టముక్క కత్తిరించి కొలత తీసి, దాని ప్రకారం ఇనుప బ్రాకెట్లు చేయించారు. వెనక చక్రాలకు తిప్పే షాఫ్ట్ పొడవు ఎక్కువైంది, లేత్ దగ్గర కోయించి బ్యాలెన్స్ చేయించారు. రేడియేటర్ పెద్దది వేశారు. అంతా అయ్యాక బానెట్ మూయబోతే గాలి ఫిల్టర్ అడ్డం వచ్చింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ నడుం మీద చేతులు పెట్టుకుని, ఒకే రకంగా తల పక్కకు వంచి దాన్ని చూస్తూ నిలబడటం నాకింకా కళ్ళలో ఉంది. ఆ ఇద్దరూ అంత దగ్గరగా ఉండటం అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఇంజిన్ తొలిసారి లేచిన సాయంత్రం పిడుగు యాక్సిలరేటర్ మీద కొంచెం కాలు వేసింది. కారు నిలబడ్డచోటే భుజం ఎగరేసినట్టు కదిలింది. రేకుల కప్పు అదిరింది. పిడుగు నవ్వింది. మావయ్య నవ్వలేదు. చేయి గోడకు ఆనించి నిలబడ్డాడు.

మర్నాడు పిడుగు డ్యూటీలో ఉండగా ఆయన ఒక పని చేశాడు. యాక్సిలరేటర్ పెడల్ కింద నేలలో ఒక బోల్టు ఉంటుంది. పెడల్ మరీ లోపలికి దిగి కేబుల్ తెగకుండా అడ్డుగా పెట్టేది. ఉండవలసిందే, పొట్టిగా ఉండాలి. మావయ్య దాని చోట పొడుగు బోల్టు బిగించాడు. పెడల్ సగం పైచిలుకు దిగి అక్కడ ఆగిపోతుంది. కాలికి మాత్రం నేల తగిలినట్టే ఉంటుంది. ఇంకా మిగిలి ఉందని తెలియదు.

ఆయన లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. కార్బురేటర్‌లో గాలి పోయే దారి సగమే తెరిస్తే గాలి సగమే పోతుంది, వేగం అంతకు మించదు. ఇల్లంతా తిరిగే పిల్లకు గడప దగ్గర అడ్డం పెట్టినట్టు. కానీ ఇంజిన్ ఆ లెక్కలో నడవదు. నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి గాలి ఎక్కువ అక్కర్లేదు, సగం దారే చాలు, పూర్తి బలంతో లాగుతుంది. వేగం పుంజుకుని గాలి కావలసి వచ్చినప్పుడే ఆ సగం దారి దాని గొంతు నొక్కుతుంది. అంటే బండి మొదట నేనున్నానని మాట ఇస్తుంది, మధ్యలో తప్పుతుంది. ఇది మావయ్యకు తెలియని సంగతి కాదు. ఎన్ని బళ్ళకో యాక్సిలరేటర్ సరిచేసిన మనిషి. తెలిసిన సంగతులన్నీ భయం ముందు వరుసగా నిలబడవు.

ఆ బోల్టు చూసింది అత్తయ్య ఒక్కతే. మ్యాట్ కత్తిరిస్తూ పెడల్ దగ్గర చేయి పెట్టి, "ఇదేంటండీ ఇంత పొడుగుంది?" అని అడిగింది.

"కేబుల్ తెగకుండా."

అత్తయ్య ఆయన ముఖం కాసేపు చూసి, మ్యాట్‌ను బోల్టు కనిపించకుండా పరిచింది.

తాళాలిచ్చే రోజు పద్ధతి ప్రకారమే జరిగింది. మావయ్య కూతుర్ని కారు పక్కన నిలబెట్టి, పళ్ళెంలో పాత సామాను చూపించాడు. పాత ఇంజిన్ పళ్ళెంలో పట్టదు కాబట్టి దాన్ని గోడవారగా పెట్టి వేలితో చూపించాడు. పిడుగు చేతులు కట్టుకుని, తొందరలో ఉన్న గిరాకీలా వాచీ చూసుకుంటూ నటించింది. మేస్త్రి గోడ మీదనుంచి, "అమ్మాయ్, ఇంటికి భోజనానికి కబురు పెట్టు, ఇప్పట్లో అవదు" అన్నాడు. మావయ్య పట్టించుకోలేదు. బెల్టులు, డిస్కులు, బ్రాకెట్లు, రేడియేటర్, గొట్టాలు, ఆఖరికి గొట్టాలకు బిగించిన క్లిప్పుల దాకా ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాడు. పెడల్ దాకా వచ్చి, "కొత్త కేబుల్" అని ఆగాడు. తర్వాత తాళాలిచ్చాడు.

కొన్ని వారాలు అందరికీ పండగలాగే గడిచాయి. ముసలమ్మ ఎక్కడా ఉడకలేదు. ఊళ్ళో, మలుపుల్లో, రెండో గేరులో ఎక్కడా ఏ లోటూ తెలియలేదు. "ఎలా లాగుతోందో చూడు వదినా" అని పిడుగు నన్నూ మావాణ్ణీ ఎక్కించుకుని తిప్పింది. మావయ్య అన్నం మామూలుగా తిన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం ముసలమ్మ డ్రైవరు వైపు, వెనక చూసే అద్దం లేకుండా వచ్చింది. తలుపు మీద ఈ చివరనుంచి ఆ చివరకు ఒక గీత. పిడుగు దిగి, ఇంటి లోపలికి వెళ్ళి, కుళాయి తిప్పి చాలాసేపు చేతులు కడుక్కుంది.

జరిగింది ఇది. కొండ కిందికి వచ్చి ఏదో సామాను తీసుకుని మళ్ళీ పైకి వెళ్తోంది. ముందు ఇటుకల లారీ మూలుగుతూ ఎక్కుతోంది. మలుపు దాటాక పొడుగాటి తిన్నని దారి, ఎదురుగా ఏమీ లేదు. పిడుగు గేరు తగ్గించి బయటికి వచ్చింది. ముసలమ్మ ఉత్సాహంగా దూకింది. లారీ సగం దాకా వచ్చేసరికి ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు అక్కడే ఉండిపోయింది. పిడుగు పెడల్‌ను నేలకు తొక్కింది, తొక్కాననుకుంది. పైమలుపులోంచి బస్సు దిగింది. వెనక్కి తగ్గుదామంటే లారీ వెనక చోటును మరో బండి నింపేసింది. బస్సు డ్రైవరు బ్రేకు తొక్కి, పక్క చక్రాలను కాలవలోకి దింపేశాడు. లారీ కూడా తగ్గింది. ఆ రెంటి మధ్యనుంచి ముసలమ్మ గీసుకుంటూ బయటపడింది. అద్దం ఎగిరి ఎక్కడో పడింది.

బస్సులోవాళ్ళు తలలు బయటికి పెట్టి తలో మాటా అన్నారు. డ్రైవరు మాత్రం దిగి వచ్చి, అరవకుండా ఒక్క మాట అన్నాడట. "దాటగలనని తెలిస్తేనే బయటికి రావాలమ్మా."

ఆ సాయంత్రం పిడుగు షెడ్డులోకి వచ్చింది.

"నాన్నా, మధ్యలో లాగలేదు. ఇంజిన్‌లో ఏమైనా ఉందా?"

మావయ్య బానెట్ ఎత్తాడు. వైర్లు చూశాడు, నూనె చూశాడు, స్టార్ట్ చేసి చెవి పెట్టాడు. ఆ చూడటమంతా పూర్తయ్యాక అన్నాడు.

"ఇంజిన్ బాగానే ఉంది."

అందులో అబద్ధం లేదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది.

"అయితే నాదే" అంది పిడుగు. "చూసుకోలేదు. గేరు తప్పు వేసుంటాను. కంగారుపడి ఉంటాను." తాళాలు తీసి ఆయన పనిబల్ల మీద పెట్టింది. "నాకు చేతకాదు నాన్నా. నువ్వు ముందునుంచీ చెబుతూనే ఉన్నావు."

మావయ్య తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు.

పిడుగు కొన్ని రోజులు సెలవు పెట్టింది. తర్వాత ఎవరో సహోద్యోగి బండి వెనక కూర్చుని వెళ్ళింది. అతను ఒకరోజు రాకపోతే డ్యూటీకి ఆలస్యమైంది. ఉద్యోగం మానేసి ఊళ్ళోనే ఏదైనా చూసుకుంటానని నాతో అంది. మా ఇంటికి వచ్చినప్పుడు రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూసి, మళ్ళీ చూసి, వచ్చే బండి ఇంకా వీధి చివర ఉండగానే వెనక్కి తగ్గింది. జాకీ హ్యాండిల్ ఈడ్చుకు తిరిగిన పిల్ల.

"అంత దూరం కనిపించింది వదినా. సరిపోతుందని నాకు గట్టిగా అనిపించింది. గట్టిగా అనిపించిందే తప్పైతే, ఇక దేన్ని నమ్మాలి?"

బోల్టు సంగతి అప్పటికి నాకు తెలియదు. ఆమెను చూస్తుంటే, ఆమె రోడ్డు మీద లేకపోవడమే మేలేమోనని నాకూ అనిపించిన మాట నిజం. బిడ్డలున్నవాళ్ళ ఆలోచన అలాగే పోతుంది.

మావయ్య మాత్రం బాగా నిద్రపోతున్నాడని అత్తయ్య చెప్పింది. ఆ మాట చెప్పిన తీరు బాగాలేదు. ఆ మధ్యాహ్నం మావాణ్ణి తీసుకుని షెడ్డుకు వెళ్ళాను. అత్తయ్య మిషను ఆపి, టార్పాలిన్ కప్పిన ముసలమ్మ మీదుగా అవతలి మూలకు చూస్తూ అడిగింది.

"నిద్ర బాగా పడుతోందాండీ?"

మావయ్య తలెత్తలేదు.

"ఆ పొడుగు బోల్టు కేబుల్ కోసమేనా?"

ఆయన చేతిలో ఉన్న కార్బురేటర్‌ను నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"మీ చేత చెప్పించాలని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. దానికి చేతకాదనుకుంటోంది."

"బతికుంది కదా" అన్నాడు మావయ్య.

"బతికుంది. బస్సాయన బ్రేకు తొక్కాడు కాబట్టి బతికుంది. మీ బోల్టు వల్ల కాదు."

"ఇక నడపదు. అది చాలు నాకు."

"మీకు చాలు" అంది అత్తయ్య. మిషను మళ్ళీ మొదలుపెట్టింది. ఆ చప్పుడులో ఇక ఎవరూ ఏమీ మాట్లాడటానికి వీల్లేకపోయింది. బోల్టేమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఒళ్ళో పిల్లవాడి బరువు ఉన్నట్టుండి పెరిగినట్టనిపించింది.

చాలు అన్న మనిషి నిజంగానే చాలన్నట్టు రెండు రోజులు గడిపాడు. మూడో రోజు నేను షెడ్డులో ఉండగా ఒక పెద్దాయన తన బండి విడిపించుకోవడానికి వచ్చాడు. చిన్న పని, వాటర్ పంపు మార్చడం. మావయ్య పళ్ళెం తెచ్చాడు. "ఇదిగో తీసినవి" అన్నాడు. పాత పంపు, పాత గాస్కెట్ చూపించాడు. బానెట్ ఎత్తాడు. "ఇవిగో పెట్టినవి" అని వేలు చాపి, అక్కడే ఆగిపోయాడు. పెద్దాయన ఇంజిన్‌లోకి వంగి ఏముందా అని వెతుక్కున్నాడు.

"ఏమైంది నిదానం? ఏమైనా మరిచిపోయావా?"

"లేదండీ" అన్నాడు మావయ్య. "పంపు. గాస్కెట్. అంతే. ఇంకేమీ పెట్టలేదు." ఆ చివరి మాట మళ్ళీ ఒకసారి అన్నాడు. పెద్దాయన పక్క సీటు తలుపు తీసి పట్టుకుంటే, ఈసారికి మీరే వెళ్ళి రండన్నాడు. ఆ బండి వీధి దాటకముందే ఇంటి గుమ్మం దగ్గర నిలబడి పిలిచాడు.

"అమ్మా, ఒకసారి షెడ్డుకి రా. డెలివరీ పూర్తవలేదు."

"ఏ డెలివరీ?" అంటూ పిడుగు వచ్చింది.

ఆయన టార్పాలిన్ లాగాడు. డ్రైవరు వైపు తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, అత్తయ్య కుట్టిన మ్యాట్ పైకి ఎత్తాడు.

"ఆ రోజు అన్నీ చెప్పాను. ఇదొక్కటి చెప్పలేదు."

పిడుగు వంగి చూసింది. చేత్తో పెడల్ నొక్కింది. అది బోల్టుకు తగిలి ఆగింది. మళ్ళీ నొక్కింది. మెకానిక్ కూతురు, వివరించవలసిన పని లేదు. ముఖంలో రంగు కొంచెం కొంచెంగా మారడం అత్తయ్య మిషను దగ్గర్నుంచి చూస్తూనే ఉంది.

"ఎప్పుడు పెట్టావు?"

"నువ్వు డ్యూటీకి వెళ్ళినప్పుడు."

"ఇంజిన్‌లో ఏమైనా ఉందా అని అడిగాను."

"అడిగావు."

"ఇంజిన్ బాగానే ఉందన్నావు."

మావయ్య నేల చూస్తున్నాడు. "భయమేసింది తల్లీ."

"భయమేసి బోల్టు పెట్టావు. సరే." పిడుగు గొంతు పెంచలేదు. "నాకు చేతకాదని తాళాలిచ్చాను. అప్పుడూ తీసుకున్నావు నాన్నా. జేబులో వేసుకున్నావు."

ఆమె చేయి చాపింది.

"పానా ఇవ్వు."

ఇచ్చాడు. ఆయన విప్పబోతే చేయి అడ్డం పెట్టి, తనే కింద పడుకుని విప్పింది. పొడుగు బోల్టు పళ్ళెంలో వేసింది. చిన్న చప్పుడు. డబ్బాలోంచి పొట్టి బోల్టు వెతికి బిగించింది. పెడల్ సరిగ్గా ఎక్కడ ఆగాలో తెలియాలంటే ఇద్దరు కావాలి. ఒకరు లోపల తొక్కి పట్టాలి, ఒకరు బానెట్ దగ్గర కార్బురేటర్‌లోకి చూసి చెప్పాలి. పిడుగు సీట్లో కూర్చుంది.

"చూసి చెప్పు" అంది.

మావయ్య వెళ్ళి గాలి ఫిల్టర్ తీసి, లోపలికి టార్చి వేశాడు. ఆమె తొక్కింది. లోపలి రేకు తలుపు తిరిగింది.

"తెరుచుకుందా?"

"తెరుచుకుంది."

"పూర్తిగానా?"

ఆయన ఇంకొంచెం వంగి చూశాడు.

"ఇంకా వెంట్రుకంత ఉంది. బోల్టు అర చుట్టు దించు."

ఆమె దించి, మళ్ళీ తొక్కింది.

"ఇప్పుడు?"

"పూర్తిగా" అన్నాడు మావయ్య. టార్చి ఆర్పేశాడు.

ఫిల్టర్ బిగించి, బానెట్ మూసి, జేబులోంచి తాళాలు తీసి కిటికీలోంచి అందించాడు. తర్వాత అలవాటు ప్రకారం అటువైపు తిరిగి వెళ్ళి పక్క సీటు తలుపు పిడి మీద చేయి వేశాడు. ఆమె లోపలినుంచి ఆ పిడి వైపు చూసింది, లాక్ తీయలేదు. బెల్టు పెట్టుకుంది. ఉన్న ఒక్క అద్దం సరిచేసుకుంది. తాళంచెవి తిప్పబోయి, ఒకసారి చేయి వెనక్కి తీసుకుంది. అది నేను చూశాను, ఆయనా చూశాడు. నోరు తెరిచి, ఎన్నేళ్ళుగానో అలవాటైన ఆ ఒక్క మాట అనకుండా మూసుకున్నాడు.

ముసలమ్మ షెడ్డులోంచి వెనక్కి వెళ్ళి, వీధిలోకి తిరిగి, మలుపు దాటింది. మేస్త్రి గోడ మీదనుంచి ఏదో అనబోయి, మావయ్య ముఖం చూసి సుత్తి కింద పెట్టాడు. అత్తయ్య మిషను ఆపేసింది.

మా వీధికి కొండదారి దగ్గరే. ఎక్కుడు మొదలయ్యే చోట గేరు మారిన చప్పుడు వినిపించింది. మావయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఇంజిన్ స్వరం పెరిగింది. బోల్టు ఉన్నన్నాళ్ళూ ఆ స్వరం ఆగిపోయిన చోటికి వచ్చింది. అక్కడ ఆగలేదు. గొంతు విచ్చుకుని, ఆ ఇంజిన్‌లో ఉందని మాకెవ్వరికీ తెలియని ఒక నిండు ధ్వనితో కొండ పైకి ఎక్కింది. తన చేతులతో కట్టిన ఇంజిన్ గొంతు మావయ్య పూర్తిగా వినడం అదే మొదలు.

చప్పుడు సన్నగిల్లి, కొండ వెనక్కి పోయింది. కళ్ళు తెరవకుండా ఆయన అలాగే నిలబడ్డాడు. ఇంట్లోకి వెళ్ళిన అత్తయ్య ఆయన భోజనం మీద మూత పెట్టడం వినిపించింది.